హర్రాజు కాని పుంజు

మొయినాబాద్‌లో ఇంజినీరింగ్ కాలేజీ పిల్లలుండే ఒక ప్రైవేటు హాస్టల్లో పెంటమ్మ పదహారేళ్లుగా వంట చేస్తోంది. పొద్దున ఐదున్నరకు ఊరి నుంచి షేర్ ఆటోలో వచ్చి, రెండు వందల మందికి ఉప్మా దింపి, మధ్యాహ్నం అన్నం, పప్పు, ఒక కూర చేసి, నాలుగింటికి ఇంటికి వెళుతుంది. వయసు అరవై ఒకటి. చదవడం వచ్చు, అదీ బైబిలు మటుకే, అక్షరాల కింద వేలు పెట్టుకుని. రాయడం రాదు. గొంతుకు మాత్రం తిరుగులేదు. మూడో అంతస్తులో పడుకున్న పిల్లలను కింది వంటగదిలోంచి పేరు పెట్టి లేపగలదు.

హాస్టల్లో ఎవరూ అప్పగించని పని ఒకటి ఆమె చేస్తుంది. వడ్డిస్తూ ఎవరు తినడానికి రాలేదో చూస్తుంది. ఒక పూట రాకపోతే బయట తిన్నారనుకుంటుంది. ఒక రోజంతా రాకపోతే జ్వరమనుకుంటుంది. మూడో రోజు మెట్లెక్కి తలుపు కొడుతుంది.

"ఏం బిడ్డా, నా పప్పు మీద అలిగినవా?"

తలుపు తీసిన ముఖం చూస్తే సబ్జెక్టు పోయిందో, పిల్ల మాట్లాడటం మానేసిందో, లేక అంతకన్నా పెద్దదేదైనా పట్టుకుందో తెలిసిపోతుందని ఆమె నమ్మకం. పెద్దదనిపిస్తే వార్డెన్ పూజను పిలుస్తుంది. పూజ డాక్టరుకు ఫోన్ చేస్తుంది. ఇలా ఎంతమందిని పంపారో ఇద్దరిలో ఎవరూ లెక్క పెట్టుకోలేదు.

ఇంత కనిపెట్టే మనిషి సొంత ఇంట్లో మూడు నెలలు ఆలస్యం చేసింది. ఆ తర్వాత ఇంకో తప్పు చేసింది. ఆ రెండో తప్పును దిద్దడానికి ఆమె చేసిన పని వల్ల, చేవెళ్ల రోడ్డు నుంచి రెండు కిలోమీటర్లు లోపలున్న వాళ్ల ఊరి చర్చి ఆవరణలో ఏడాదిగా ఒక నల్ల కోడిపుంజు తిరుగుతోంది. దాన్ని అమ్మడానికి లేదు, కోయడానికి లేదు, తెచ్చినవాళ్లకు తిరిగివ్వడానికీ లేదు.

ఆలస్యం జరిగింది మనుమరాలు జెన్నీ విషయంలో. జెన్నీ పెంటమ్మ కొడుకు రత్నాకర్ కూతురు. రత్నాకర్ ఒక ఫామ్‌హౌస్ యజమాని దగ్గర కారు నడుపుతాడు. కోడలు ఫార్మా కంపెనీలో పొద్దుటి షిఫ్టుకు పోతుంది. జెన్నీ అప్పటికి చేవెళ్లలో డిగ్రీ రెండో ఏడు. ఆదివారం చర్చిలో పాటల బృందంలో ముందు వరుస. ఆ ఏడు వానాకాలం మొదట్లో బస్సు తప్పిపోయిందని ఒకరోజు కాలేజీ మానింది. తర్వాత బస్సు ఉన్నా మానింది. జుట్టు దువ్వుకోవడం మానింది. పాటల బృందం నుంచి పిలవడానికి వచ్చిన పిల్లలకు తలనొప్పి అని చెప్పి పంపింది. పెంటమ్మ నుదురు పట్టి చూస్తే చల్లగా ఉంది.

"అవ్వా, నాకు తల నొస్తలేదు, కడుపు నొస్తలేదు. ఏం నొస్తున్నదో తెలుస్తలేదు" అంది జెన్నీ.

ఇంట్లోవాళ్లు వెళ్లింది చర్చికే. వాళ్లకు తెలిసిన దారి అది. పెంటమ్మ భర్త తమ్ముడు ఎలీషా సంఘ పెద్ద. ఇది యవ్వనస్థుల మీదికి వచ్చే శోధన అన్నాడు. వరసగా పన్నెండు శుక్రవారాలు ఉపవాస ప్రార్థన పెట్టించాడు. పాస్టరయ్యతో నూనె రాయించాడు. ఫోన్ తీసేసుకొమ్మని రత్నాకర్‌కు చెప్పాడు. ఆ పన్నెండు శుక్రవారాలూ పెంటమ్మ మోకాళ్ల మీద ఉంది. అవి వృథా అయ్యాయని ఆమె ఇప్పటికీ అనదు. అవి మాత్రమే చేసి ఊరుకున్నందుకే తనను తిట్టుకుంటుంది.

"పరాయి పిల్లల తలుపు మూడో దినం కొట్టేదాన్ని. నా ఇంటి తలుపు కొట్టనీకి మూడు నెలలు పట్టింది" అంటుంది.

చివరికి పూజ దగ్గర అడ్రసు తీసుకుని జెన్నీని మెహదీపట్నం బస్సెక్కించింది. డాక్టరు ముప్పావుగంట మాట్లాడాడు. ఇది జబ్బు అన్నాడు, విశ్వాసం తక్కువై వచ్చింది కాదన్నాడు. రోజూ మధ్యాహ్నం తిన్నాక వేసుకోమని గోలీలు రాశాడు. వారానికోసారి ఒకామెతో మాట్లాడటానికి రమ్మన్నాడు. లేచి వస్తుంటే ఇంకో మాట అన్నాడు: "మంచిగ అనిపించినంక గూడ వాడాలె అవ్వా. చాలామంది అప్పుడే ఆపేస్తరు." పెంటమ్మ తలూపింది. ఆ మాట చెవిన పడిందే కాని లోపలికి పోలేదు.

అప్పటికే ఆమె ఒక మేకపోతును మొక్కుకుని ఉంది. జెన్నీ మళ్లీ కడుపు నిండా అన్నం తింటే కోతకాల పండుగకు మేకను దేవునికి ఇస్తానని.

ఆ ఊరి చర్చిలో కోతకాల పండుగ నవంబరులో వస్తుంది. పొలమున్నవాళ్లు పండిన దాంట్లో మొదటిది తెస్తారు. కంది కట్టలు, మక్క కంకులు, టమాట గంపలు, బంతిపూలు. పొలం పోయినవాళ్లు కోడినో కొబ్బరికాయనో తెస్తారు. పొలాలు ఫామ్‌హౌసులైన దగ్గర్నుంచి కొబ్బరికాయలు ఎక్కువయ్యాయి. ప్రతి కానుకతో పాటు ఒక చీటీ ఇవ్వాలి. ఇంటిపేరు, ఎందుకు కృతజ్ఞత చెబుతున్నారో ఆ కారణం. సంఘ పెద్ద ఆ చీటీని మైకులో చదివి, తర్వాత కానుకను హర్రాజు పెడతాడు; వేలంలో ఎక్కువకు పాడినవాళ్లు దాన్ని కొనుక్కుంటారు. రెండు కట్టుబాట్లున్నాయి. కారణం చదవకుండా దేన్నీ హర్రాజు పెట్టరు. బలిపీఠం దాకా తెచ్చిన దాన్ని మళ్లీ ఇంటికి తీసుకుపోరు.

గోలీలు మొదలుపెట్టిన అయిదో వారంలో జెన్నీ పెరుగన్నం తిని, ఇంకొంచెం అడిగింది. టీవీలో ఏదో చూసి నవ్వింది కూడా. ఆ ఆదివారమే పండుగ. పెంటమ్మ ఆగలేకపోయింది. మేకకు బంతిపూల దండ వేసి తీసుకుపోయింది. చీటీలో ఏం రాయాలని అడిగితే "నా జెన్నీ బాగైంది, అని రాయుండ్రి" అంది. జెన్నీని అడగలేదు.

ఎలీషా దాన్ని పెద్దది చేసి చదివాడు. ఆయనకు అది చాతనవును. డాక్టర్లకు లొంగనిది ప్రభువుకు లొంగిందన్నాడు. జెన్నీని నిలబడమన్నాడు. జెన్నీ నిలబడింది. సంఘమంతా మూడుసార్లు స్తోత్రం చెప్పింది. మేకను ఎవరో పాడుకున్నారు. ఆ సాక్ష్యం చేవెళ్ల వైపు ఊళ్లకూ పాకింది. మూడు చోట్ల కూడికల్లో ఎలీషా దాన్ని చెప్పాడు.

ఆ మరుసటి సోమవారం నుంచి జెన్నీ గోలీ మింగలేదు.

బాగైందనుకుని వారం వారం మెహదీపట్నం పంపడం ఇంట్లోవాళ్లే మానేశారు; గోలీల సంగతి పెంటమ్మకు ఫిబ్రవరిలో తెలిసింది. అప్పటికి జెన్నీ మళ్లీ మంచం పట్టింది. తొమ్మిది రోజులు ఒక్క మెతుకు లేదు. పదో రోజు పొద్దున "నేను లేకుంటే మీ అందరికీ మంచిగుంటది అవ్వా" అంది. ఆ మాట విన్నాక పెంటమ్మ హాస్టలుకు పోలేదు, పిల్లను వదిలి గడప దాటలేదు. ప్రార్థన చేద్దామని పెంటమ్మ గూట్లోంచి జెన్నీ బైబిలు తీసింది. జిప్పు ఉండే నల్ల కవరు. పక్క అరలో ఏదో గట్టిగా తగిలింది. లాగితే గోలీల పట్టీలు. ఒక్కటీ చింపలేదు. మందుల దుకాణం నుంచి రత్నాకర్ నెలనెలా తెచ్చినవి తెచ్చినట్టే ఉన్నాయి.

"ఇవేంది బిడ్డా?"

జెన్నీ గోడవైపే చూస్తూ చెప్పింది. "నువ్వు మైకుల చెప్పిచ్చినవ్ గద, బాగైన అని. చిన్నతాత ఊరూర చెప్పిండు. ఇంక గోలీ ఏసుకుంటే మీరిద్దరు అబద్ధం చెప్పినట్టు గాదా? మళ్ల మంచిగ లేకపోయేసరికి, దేవుడిచ్చింది నేనే పోగొట్టుకున్న అనుకున్న."

పెంటమ్మ ఏడవలేదు. పట్టీలన్నీ కొంగున కట్టుకుని, పిల్లకు చెప్పులు తొడిగి, అదే పూట మెహదీపట్నం తీసుకుపోయింది. డాక్టరు తిడతాడనుకుంది. ఆయన తిట్టలేదు. మళ్లీ మొదలుపెడదామన్నాడు, ఈసారి నేను ఆపమన్నప్పుడే ఆపాలన్నాడు. ఆ మాటను పెంటమ్మ బస్సులో ఇంటిదాకా వల్లె వేసుకుంటూ వచ్చింది.

తొమ్మిది నెలలు గడిచాయి. రోజూ మధ్యాహ్నం రెండింటికి హాస్టల్ వంటగది నుంచి ఫోన్. "తిన్నవా? ఏసుకున్నవా?" మూడో ప్రశ్న లేదు. జెన్నీ మళ్లీ కాలేజీకి పోయింది. మళ్లీ పాటల బృందంలో, ఈసారి వెనక వరుసలో నిలబడింది. మంచి రోజులు ఎక్కువ, చెడ్డ రోజులు తక్కువ. అంతకుమించి ఎవరూ మాట ఇవ్వలేదు.

అక్టోబరు ఆఖర్లో ఒక ఆదివారం, చర్చి నుంచి వచ్చాక జెన్నీ గోలీని అరచేతిలో పెట్టుకుని కూర్చుంది. వేసుకోలేదు.

"చిన్నతాత పిలిచిండు. పండుగకు చేవెళ్ల దిక్కు సంఘం నుంచి అతిథులొస్తరట. పోయినేటి సాక్ష్యం నా నోటితోనే చెప్పమంటుండు. అవి ఇంక బంద్ జెయ్యి, ప్రభువు సగం పని చెయ్యడు అన్నడు." గోలీని వేలితో దొర్లిస్తూ అడిగింది. "పండుగ దాక ఆపనా అవ్వా? అయిపోయినంక మళ్ల ఏసుకుంట."

పెంటమ్మ ముందు ఆ గోలీ మింగించింది. తర్వాత చాలాసేపు పెరట్లో కూర్చుంది. అక్కడ ఒక నల్లపుంజు ఉంది. ఇంటి మీదికి ఎవరొచ్చినా తరిమే పుంజు. దాన్ని చూస్తూ లోపలికి కేక వేసింది.

"జెన్నీ! ఈసారి పుంజు ఇద్దం. చీటి నువ్వే రాయి, నేను చెప్త. నీ పేరు పెట్టాల్నా, వద్దా?"

జెన్నీ రెండు రోజులు ఆలోచించింది. మూడో రోజు కాగితం తెచ్చుకుంది. "పెడ్త. పోయినేడు అడగకుండనే పెట్టిస్తివి. ఈసారి అడిగినవ్ గద."

చీటీలో ఇలా ఉంది: "మా ఇంటి పిల్ల జెన్నీ డాక్టరు ఇచ్చిన గోలీలు తొమ్మిది నెలల నుంచి తప్పకుండ వేసుకుంటున్నందుకు, డాక్టరు చాలన్నదాక వేసుకుంటది గనుక, దేవునికి కృతజ్ఞత."

చీటీలు శనివారం పొద్దున పాస్టరయ్య భార్య కృపాజ్యోతి దగ్గర ఇవ్వాలి. ఊళ్లో అందరూ ఆమెను అమ్మగారు అంటారు. తక్కువ మాట్లాడే మనిషి. చీటీ చదివి, మళ్లీ చదివింది.

"ఇది ఎలీషా గారు చదవరు పెంటమ్మా."

"చదవకుంటే అప్పుడు సూద్దం అమ్మగారూ."

"అయ్యగారికి చెప్పమంటవా?"

"చెప్పుండ్రి. దాసేదుంటే మైకు కాడికెందుకు తెస్త?"

కృపాజ్యోతి చీటీని మడిచి, మిగతా చీటీల మధ్యలో పెట్టింది. పైనా కాదు, కిందా కాదు.

ఆ సాయంత్రం ఎలీషా ఇంటికి వచ్చాడు. పుంజు తరిమింది. అరుగెక్కి నిలబడి, చెప్పు చేతిలో పట్టుకునే మాట్లాడాడు.

"వదినె, గిదేం చీటి? కృతజ్ఞతా, మందుల దుకాణం రసీదా?"

"రెండు గూడ అనుకో."

"జర ఆలోచించు. పిల్లకు రేపు పెండ్లి కావాలె. గోలీలు తింటదని మైకుల చెప్తే ఎర్రగడ్డ పిచ్చి దవాఖాన పిల్ల అంటరు."

"అనేటోళ్ల ఇంటికి నేను పిల్లనియ్య. సంబంధం ముందుగాల్నే తేలిపోతది, మంచిదే గద."

"మనది చిన్న సంఘం. పోయినేటి సాక్ష్యం యిని నాలుగిండ్లోళ్లు కొత్తగ చేరిండ్రు. ఇప్పుడు అది అబద్ధమంటవా?"

"అబద్ధమే ఎలీషా. నువ్వు చెప్పలే, నేను చెప్పిన. నువ్వు దానికి పూలదండ ఏసినవ్, అంతే."

లోపల అన్నం తింటున్న రత్నాకర్ "అమ్మా, ఊకోరాదే" అన్నాడు. పెంటమ్మ లోపలికి తిరిగి చూసింది. "ఊకునే మూడు నెలలు పోగొట్టిన. ఇంక ఊకోను. నువ్వు తిను."

ఎలీషా పుంజు వైపు చూసుకుంటూ మెట్లు దిగిపోయాడు.

పండుగ రోజు చర్చి నిండింది. ఎడమవైపు చాపల మీద ఆడవాళ్లు, కుడివైపు మగవాళ్లు, ముందు కుర్చీల్లో ఇద్దరు అతిథులు. బలిపీఠం ముందు గంపలు, కట్టలు, కోళ్లు. ఎలీషా కళ్లద్దాలు పెట్టుకుని మైకు అందుకున్నాడు. హర్రాజు నడపడంలో ఆయనను మించినవాళ్లు చుట్టుపక్కల లేరు. "ఈ సొరకాయ మన మారయ్య అంత పొడుగున్నది. గని మారయ్య లెక్క వాక్యం చెప్తుంటే నిద్రపోదు!" అంటే మారయ్యతో సహా అందరూ నవ్వారు. సొరకాయను మారయ్యే పాడుకున్నాడు.

పుంజు వంతు వచ్చింది. ఎలీషా చీటీ విప్పాడు. ఒక్క క్షణం చూశాడు.

"మా వదినె పెంటమ్మ ఇచ్చిన నల్లపుంజు. మనుమరాలు జెన్నీకి ప్రభువు చేసిన స్వస్థతను బట్టి కృతజ్ఞత. అందరం స్తోత్రం చెప్పుదమా?"

కొందరు చెప్పారు. పాటల బృందం వెనక వరుసలో జెన్నీ తల వంచుకుంది. పెంటమ్మ చాప మీంచి లేచి నిలబడింది.

"చీటిల అట్ల లేదు ఎలీషా."

"తర్వాత మాట్లాడుదం వదినె."

"తర్వాత గాదు. పోయినేడు తప్పు మైకుల చెప్పిచ్చిన. మైకులనే దిద్దాలె. ఉన్నది ఉన్నట్టు చదువు."

ఎలీషా అతిథుల వైపు చూసి నవ్వే ప్రయత్నం చేశాడు. "విశ్వాసమున్న జాగల గోలీల మాటెందుకు వదినె?"

"అయితే నీ కండ్లద్దాలు తీసి చదువు. ఇరవై ఏండ్లసంది పెట్టుకుంటున్నవ్. నీకు విశ్వాసం తక్కువని ఈ సంఘం ఎన్నడన్న అన్నదా?"

చాపల వైపు నుంచి నవ్వు లేచింది. ఎలీషా ముఖం ఎర్రబడింది. మైకు మీట నొక్కి ఆపేశాడు. అది ఆయన చేసిన పొరపాటు. పెంటమ్మ గొంతుకు మైకు ఎప్పుడూ అవసరం రాలేదు.

"పోయినేడు ఇదే జాగల మేకను కట్టేసి నా పిల్ల బాగైంది అన్న. బాగు గాలె. బాగవుడు అప్పుడప్పుడే మొదలైంది. నేను తొందరపడ్డ. నా మాట నిలబెట్టనీకి పిల్ల గోలీలు బైబిలు కవర్ల దాసింది. మళ్ల పండుకున్నది. తొమ్మిది దినాలు మెతుకు ముట్టలే. తప్పు పిల్లది గాదు, నాది. జెన్నీ గోలీలు ఏసుకుంటది. డాక్టరు చాలన్నదాక ఏసుకుంటది. అట్ల ఏసుకుంటున్నందుకే ఈ పుంజు. మీ ఇండ్లల్ల గిట్ల తలుపు పెట్టుకుని పండుకున్న పిల్లలుంటే దాసకుండ్రి. నన్నడుగుండ్రి. డాక్టరు పేరు చెప్త, బస్సు నంబరు చెప్త, తోడు గూడ వస్త. ప్రార్థన మానమని నేనంటలే. మీరు మోకాళ్ల మీదుంటే నేను మీ పక్కనే ఉంట. గోలీ మాత్రం ఆపనియ్య."

ఎలీషా పాస్టరయ్య వైపు తిరిగాడు.

"అయ్యగారూ, మీరు చెప్పుండ్రి."

పాస్టరయ్య అతిథులను చూశాడు, పెంటమ్మను చూశాడు. ఏ వైపూ మాట పడకుండా "పండుగ కానిద్దాం. తర్వాతది తీసుకోండి" అన్నాడు.

"మరి నా పుంజు?" అంది పెంటమ్మ.

"చీటి చదవందే పాట పెట్టొద్దు గద" అన్నాడు ఎలీషా. "నేను చదవ."

"అయితే పెట్టకు. నేను గూడ ఇంటికి తీస్కపోను. తెచ్చింది తెచ్చినట్టే."

పుంజును కిటికీ ఊచకు కట్టేశారు. అతిథి వాక్యం చెబుతుంటే మూడుసార్లు, ముగింపు దీవెనలో ఒకసారి కూసింది.

కూడిక అయ్యాక ఆవరణలో ప్రేమ విందు. పండుగ విందులో సంఘ పెద్దలే వడ్డించాలన్నది ఆ చర్చి పద్ధతి. కూర ఒకరు, అన్నం ఒకరు. నీళ్ల జగ్గు ఎప్పుడూ ఎలీషాదే. బంతుల మధ్య ఒంగి ఒంగి పోస్తూ, ప్రతి ఒక్కరినీ పేరు పెట్టి పలకరిస్తాడు. ఆరోజు పలకరింపులు లేవు. పెంటమ్మ పక్కన కూర్చోవడానికి కొందరు ఆడవాళ్లు జంకారు. ఇద్దరు ముగ్గురు కావాలనే వచ్చి కూర్చున్నారు. రత్నాకర్ తన విస్తరి తీసుకొచ్చి తల్లికి ఎదురుగా కూర్చున్నాడు.

జెన్నీ పాటల బృందం పిల్లలతో బంతిలో ఉంది. అన్నం మొత్తం తింది. చెయ్యి కడుక్కుని వచ్చి మళ్లీ అక్కడే కూర్చుంది. సంచిలోంచి పట్టీ తీసింది. రెండున్నర అయింది. పెంటమ్మ అవతలి బంతిలోంచి చూస్తోంది. ఫోన్ చేయాల్సిన వేళ దాటిపోయింది. ఈరోజు చేయనక్కరలేదు, చూస్తే చాలు. కాని ఆమె ముద్ద ఆగిపోయింది. పొద్దున తాను అన్న మాటలన్నిటికీ ఇప్పుడు ఆ పిల్ల ఒక్కతే జవాబు.

ఎలీషా జగ్గుతో జెన్నీ ముందుకు వచ్చాడు. జెన్నీ పట్టీలోంచి గోలీ నొక్కి తీసి, నాలుక మీద పెట్టుకుంది. గ్లాసు ఆయన ముందుకు చాపింది. నోట్లో గోలీ ఉండటం వల్ల మాట ముద్దగా వచ్చింది.

"చిన్నతాతా, నీళ్లు."

ఎలీషా పోయలేదు. పక్కనున్న పిల్లలు తినడం ఆపారు. వెనక నుంచి మారయ్య "ఏందన్నా, ఆడనే నిలబడ్డవ్? ఈడ గొంతు పట్టుకున్నది!" అని అరిచాడు. జెన్నీ గ్లాసు దించలేదు.

ఎలీషా జగ్గు ఒంచాడు. గ్లాసు నిండి, పొంగి, ఆమె మణికట్టు మీదుగా కారింది. జెన్నీ తాగింది. గ్లాసు ఖాళీ చేసి విస్తరి పక్కన పెట్టింది.

"ఇంక పో చిన్నతాతా. మారయ్య తాత పిలుస్తుండు."

పెంటమ్మ ఆగిన ముద్ద నోట్లో పెట్టుకుంది.

పుంజు చర్చి ఆవరణలోనే ఉండిపోయింది. వారం తర్వాత తాడు తెంపుకుని పాస్టరయ్య ఇంటి వెనక చింత కొమ్మ మీద కాపురం పెట్టింది. తెల్లవారకముందే కూస్తుంది. ఎలీషా చర్చి తాళం తీయడానికి వస్తే తరుముతుంది, పాత పరిచయం కదా. ఆదివారం కొత్తగా వచ్చినవాళ్లు "ఈ పుంజు ఎవలది?" అని అడుగుతారు. ఎవరో ఒకరు కారణం చెప్పాల్సి వస్తుంది. అలా మైకులో చదవని చీటీ వారం వారం చదివినట్టే అవుతోంది. ఇంతకూ ఆ చీటీ పోలేదు. కృపాజ్యోతి తన కీర్తనల పుస్తకంలో పెట్టుకుంది. ఎవరైనా అడిగితే తీసి చూపిస్తుంది. పాస్టరయ్యకు ఈ సంగతి తెలుసు, తెలియనట్టు ఉంటాడు.

మెహదీపట్నం డాక్టరుకు ఊళ్లో పుంజు డాక్టరని పేరు పడింది. ఏడాదిలో ఆరుగురు పెంటమ్మను వెంట పెట్టుకుని ఆయన దగ్గరికి పోయారు. నలుగురు ఈ సంఘం పిల్లలు, ఒకడు చేవెళ్ల పిల్లవాడు. ఆరో మనిషి పిల్లవాడు కాదు, ఒక పిల్లవాడి తండ్రి. ఇద్దరు మధ్యలో మానేశారు. వాళ్లలో ఒక పిల్ల ఇంటికి పెంటమ్మ ఇప్పటికీ ఆదివారం ఆదివారం పోయి తలుపు కొడుతోంది. ఆ ఇంటివాళ్లు ఒకసారి మొహం మీదే తలుపు వేశారు. మరుసటి ఆదివారం మళ్లీ పోయింది.

"పప్పు గిన్నె తీస్కపోత. గిన్నె పట్టుకున్నోళ్ల మీద తలుపు ఎంతసేపు ఏస్తరు?" అంటుంది.

జెన్నీ డిగ్రీ అయిపోయింది. ఒక సబ్జెక్టు మిగిలింది, రాస్తోంది. ఈ ఆగస్టులో డాక్టరు గోలీ సగానికి తగ్గించాడు. పూర్తిగా ఎప్పుడు ఆపాలో ఆయన చెప్పలేదు. జెన్నీ అడగలేదు. పట్టీ ఇప్పుడు బైబిలు కవరులో ఉండదు, వంటింట్లో ఉప్పు డబ్బా పక్కన ఉంటుంది.

మొన్నటి నవంబరులో మళ్లీ కోతకాల పండుగ వచ్చింది. హర్రాజు ముగిసే ముందు ఎలీషా మైకు పట్టుకుని, ఎవరి వైపూ చూడకుండా అన్నాడు.

"పోయినేటి పుంజొకటి మిగిలి ఉన్నది. ముసల్దయితున్నది. దాని చీటి ఎట్లాగు పాతదైపోయింది. ఉత్తగనే పాట పెడుదమా?"

ఆడవాళ్ల చాపల మీద అందరి తలలూ ఒకవైపే తిరిగాయి. పెంటమ్మ లేవలేదు. కూర్చున్న చోటి నుంచే, హాస్టల్లో మూడో అంతస్తుకు వినిపించే గొంతుతో చెప్పింది.

"చీటి అమ్మగారి పుస్తకంల ఉన్నది. తీసి చదువు. చదివినంక పాట నేనే మొదలుపెడ్త."

కృపాజ్యోతి కీర్తనల పుస్తకం తెరిచి, చీటీ తీసి, చెయ్యి చాపి పట్టుకుంది. ఎలీషా కళ్లద్దాలు తుడుచుకున్నాడు. పెట్టుకున్నాడు. చీటీ దాకా రెండు అడుగులు వేసి ఆగాడు.

"మళ్లచ్చే ఏడు సూద్దం" అన్నాడు.

"సూద్దం," అంది పెంటమ్మ. "పుంజుకు ఇంక దమ్మున్నది. నాకు గూడ."